ఎలుకలకైతే మంచిదేనండీ

కోనసీమ వెళ్ళొచ్చానని చెబితే ఎవరైనా మొదట అడిగేది పులస తిన్నావా అని. రెండోది, పడవ ఎక్కావా అని. నేను పులసా తినలేదు, పడవా ఎక్కలేదు. పుట్టగొడుగు కోసం వెళ్ళాను. ఆ మాట వినగానే మా అనంతపురంలో జనం నా వైపు ఒక రకంగా చూసి, పిల్లల చదువుల సంగతి ఎత్తుకుంటారు.

కూర వండుకునే పుట్టగొడుగు కాదు లెండి. చెట్ల మొదళ్ళకు అతుక్కుని, సగానికి విరిగిన పళ్ళెంలా, పైన వార్నీషు పూసినట్టు మెరుస్తూ, చెక్కంత గట్టిగా ఉంటుంది. గానోడెర్మా అని దాని శాస్త్రీయ నామం. చైనా, జపాన్ వాళ్ళు ఎన్నో తరాలుగా దాన్ని కషాయం పెట్టుకుని తాగుతున్నారు. అందులో నిజంగా మందు గుణం ఎంత, నమ్మకం ఎంత అని తేల్చడానికి దేశదేశాల ప్రయోగశాలల్లో పని జరుగుతోంది. ఆ యజ్ఞంలో నా వంతు పుల్ల, చక్కెర వ్యాధి మీద అది పనిచేస్తుందా అన్న ప్రశ్న. డిగ్రీ కాలేజీలో బోటనీ పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే యూనివర్సిటీకి పరిగెత్తుతూ, ఏడేళ్ళపాటు దాన్ని సీసాల్లో రంపపు పొట్టు మీద పెంచి, సారం తీసి, తెల్ల ఎలుకలకు పట్టించాను. చెట్టు మీద పుట్టినదాన్ని మాత్రం ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు.

మా గైడు గారికి ఒకరోజు ఆ లోటే గుర్తొచ్చింది. కొబ్బరి చెట్టు మీది నమూనా తెచ్చి నా సీసాల్లోదానితో పోల్చకపోతే చివరి అధ్యాయం ఒప్పుకోనన్నారు. అదే ఊపులో, నా సిద్ధాంత గ్రంథం పేరులో ఉన్న 'ఎలుకలలో' అన్న మాటను ఎర్ర పెన్నుతో కొట్టేశారు. "పేరు గంభీరంగా ఉండాలమ్మా, ఎలుకలూ గిలుకలూ ఎందుకు?" అన్నారు. ఆ మాట పోయాక చదువుకుంటే, లోకంలో చక్కెర రోగులందరినీ నేనే ఉద్ధరించినట్టు ఉంది. నాకు భలే నచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. సెల్‌ఫోను ఇంకా గొప్పవాళ్ళ వస్తువు. ఆగస్టు నెలలో, ఒక చాకు, కాగితపు సంచులు, గొడుగు, బోలెడంత గర్వం సర్దుకుని బయలుదేరాను.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి గౌతమి దాటేసరికి నా కళ్ళు నా మాట వినడం మానేశాయి. మా వైపు పచ్చరంగు కనిపిస్తే, ఇది ఎవరి బోరు, ఎన్నడుగులు వేశారు అని అడుగుతాం. ఇక్కడ ఖాళీగా ఉన్న జానెడు నేల కోసం వెతుక్కోవాలి. రావులపాలెంలో రోడ్డు పక్క అరటి గెలలు లారీలకెక్కుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ, ఒక గెల మీద కాలు వేసి జారాను. గెల తాలూకు మనిషి పరిగెత్తుకొచ్చి నన్ను లేపి, "దెబ్బేం తగల్లేదు కదండీ? మా గెలే దారికి అడ్డంగా ఉందండి" అని క్షమాపణ కూడా తనే చెప్పుకున్నాడు. మా ఊళ్ళోనైతే కళ్ళు నెత్తికెక్కినాయా అని అడిగి ఉండేవారు, అందులో న్యాయమూ ఉండేది.

చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా కొన్నాను. "బెల్లంవాండీ, పంచదారవాండీ?" అని అడిగింది అమ్మే ఆవిడ. ఆలోచించకుండా పంచదారవే అన్నాను. పాతిక రూపాయలు పుచ్చుకుని, వాన తగలకుండా రెండు కవర్లలో చుట్టి ఇచ్చింది.

కొత్తపేట దాటాక, కాలవ గట్టు ఊరు

నేను దిగింది మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే రూతు వాళ్ళ పిన్నిగారింట్లో. ఆవిడ పేరు కరుణమ్మ గారు, హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరయ్యారు. భర్త ప్రకాశరావు గారు కాలవల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మంగుళూరు పెంకుల ఇల్లు, ముందు వరండాలో కర్ర కుర్చీలు, గోడకు గొర్రెల్ని కాస్తున్న యేసు ప్రభువు పటం, పెరడంతా కొబ్బరి చెట్లు.

"రండి రండి, దారిలో ఇబ్బందేం పళ్ళేదు కదండీ?" అంటూ కరుణమ్మ గారు కుంటుకుంటూ ఎదురొచ్చారు. ఎడమ కాలి బొటనవేలికి పెద్ద కట్టు ఉంది. కొబ్బరి చీపురు పుల్ల గుచ్చుకుందిట. నేను జాలిగా చూస్తూ, ఆవిడ చేతిలో పూతరేకుల డబ్బా పెట్టాను. ఆవిడ దాన్ని అందుకుని, వాసన చూసి, నవ్వి, "నాకు షుగరండి. ఆయన తింటార్లెండి" అన్నారు.

ఏడేళ్ళుగా చక్కెర వ్యాధి మీద పరిశోధన చేస్తున్న మనిషి, ఎవరింటికి వెళ్తున్నానో రూతును ఒక్క మాట అడిగి ఉండచ్చు.

సాయంత్రం కాంపౌండరు సత్తిబాబు సైకిలు మీద వచ్చాడు. వంటింటి మూల తడి ఇసకలో చిన్న కుండ, ఆ కుండలో ఇన్సులిన్ సీసా. కరెంటు ఉన్నంతసేపే ఫ్రిజ్జు ఫ్రిజ్జు కాబట్టి, మందును కుండకే అప్పగించారు. ఆవిడ జబ్బ చాచి, మొహం అటు తిప్పుకుని సూది వేయించుకున్నారు.

"రోజుకి రెండు పోట్లండి. చేతులూ తొడలూ జల్లెడైపోయేయండి" అన్నారు. "ఈ వేలి సంగతి చూసేరా? షుగరు కట్టుబడితే పుండు మానుతుందంట. లేపోతే వేలు తీసేత్తామన్నారండి అమలాపురం డాక్టరు గారు. నెలాఖరుకి రమ్మన్నారు."

ఆ మాట చెప్పి, ఏమీ జరగనట్టే, చేమదుంపల పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి లోపలికి వెళ్ళారు.

భోజనాల దగ్గర నా మర్యాద ఇంకొంచెం బయటపడింది. పనసపొట్టు కూర చూడగానే ఆగలేక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు వాళ్ళిద్దరూ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మింగితే చప్పుడవుతుందని బుగ్గ ఉబ్బించుకుని కూర్చున్నాను. "దూరం నించి వచ్చిన ఈ బిడ్డ వెతుక్కునేది దొరికేలాగ చెయ్యి తండ్రీ" అని కరుణమ్మ గారు నా గురించి కూడా వేడుకున్నారు. నోట్లో పనసపొట్టుతోనే ఆమెన్ అన్నాను.

తర్వాత నా పరిశోధన గురించి అడిగారు. మా ఇంట్లో దాని గురించి అడిగేవాళ్ళు లేరు. మా ఆయనైతే నేను నోరు తెరవగానే పేపరు విప్పుతాడు. ఇక్కడ ఒక టీచరు గారు గరిటె పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నారు. నేను రెచ్చిపోయాను. చైనా చక్రవర్తుల దగ్గర మొదలుపెట్టి, "మా ప్రయోగాల్లో మూడు వారాలు వరసగా ఇచ్చేసరికి చక్కెర చక్కగా దిగిపోయిందండీ" దగ్గర ముగించాను.

"ఎలా ఇచ్చేరండీ? పొడిగానా?"

"కాదండీ, కషాయం తీసి."

ఎవరికి ఇచ్చామో చెప్పలేదు. అన్నాల దగ్గర ఎలుకల మాట బాగుండదని అప్పుడు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆవిడ అలా వింటుంటే నాకు గొప్పగా ఉంది.

ప్రకాశరావు గారు మాత్రం ముడుచుకున్నారు. "అది మందు కాదండి, మాకు మృత్యువండి. కొబ్బరి మొదట్లోంచి బంక కారుద్ది, ఆకులు వేలాడతాయి, ఆఖర్న ఈ పుట్టగొడుగు పుడుతుంది. ఇంక ఆ చెట్టు దక్కదు. వేరు వెంట పక్క చెట్టుకీ పాకుద్ది. మా ఊళ్ళో మట్టుకు లేదండి. అందరిచేతా వేపపిండి వేయించేను, చెట్ల చుట్టూ గాడి తవ్వించేను."

ఊళ్ళో ఎవరి చెట్టుకు జబ్బు చేసినా ఆయన్నే పిలుస్తారని కరుణమ్మ గారు చెప్పారు. మర్నాడు పొద్దున్నే పెరట్లో పళ్ళు తోముకుంటూ చూస్తే, స్నానాల గది దారిలో ఒక కొబ్బరి మొదలుకు గోనెసంచి చుట్టి, దాని మీద కొబ్బరి డొక్కలు పోగేసి ఉన్నాయి. అదేమిటండీ అంటే, "పందికొక్కులు తవ్వేత్తన్నాయండి" అన్నారు ప్రకాశరావు గారు. నేను తలూపి, నా సబ్బు పెట్టెను ఆ డొక్కల మీదే పెట్టుకుని మొహం కడుక్కున్నాను.

పి.గన్నవరం

మా ఊళ్ళో ఏటి మీద వంతెన ఉంటుంది, కింద ఇసుక ఉంటుంది. పి.గన్నవరంలో వంతెన మీదా నీళ్ళే, కిందా నీళ్ళే. గోదావరి పాయను కాలవ పైనుంచి దాటుతోంది. కింద ఎర్రటి వరద నీరు ఒకవైపు పోతుంటే, పైన కాలవ నీరు తన పని మీద ఇంకోవైపు పోతోంది. అనంతపురం మనిషికి ఇది చూస్తే కడుపు మండాలి. నిజం చెప్పాలంటే మండింది. ఐదు రూపాయల బొండం తాగి చల్లార్చుకున్నాను.

ఇక తోటల మీద పడ్డాను. "మీ తోటలో చెట్ల మొదట్లో పుట్టగొడుగులు ఉన్నాయాండీ?" అని నవ్వుతూ అడిగేదాన్ని. అడిగిన ప్రతి చోటా కుర్చీ వేశారు, బొండం కొట్టారు, మా అమ్మానాన్నల క్షేమం అడిగారు. పుట్టగొడుగు మాట వచ్చేసరికి, "అబ్బే, మా తోటలో అలాంటియ్యి రావండి. అవతలూళ్ళో ఉంటాయేమో చూడండి" అన్నారు. అవతలి ఊరికి వెళ్తే వాళ్ళు ఇవతలి ఊరి పేరు చెప్పారు. ఒక పెద్దాయన మాత్రం ఆయ్ అన్నాడు. నేను ఎగిరి గంతేసి సంచీలోంచి చాకు తీశాను. ఆయన చాకు వైపు చూసి, ఇంకో బొండం కొట్టించాడు. నేను చెప్పింది వింటున్నానని ఆయన ఆయ్ అన్నాడు తప్ప, తన దగ్గర ఉందని కాదు. ఏడో బొండానికి నాకు ఆ సంగతి అర్థమైంది, బస్టాండులో వేరే అవస్థ కూడా మొదలైంది.

రాజోలు, దిండి

రాజోలులో టీ తాగుతుంటే నా వెతుకులాట విని ఒకాయన తనంతట తానే వచ్చాడు. శ్రీను అని, మస్కట్‌లో పదేళ్ళు డ్రైవరుగా చేసి తిరిగొచ్చాడు. బంగారు రంగు పెట్టెలోంచి గొట్టం మాత్రలు తీసి చూపించాడు. పెట్టె మీద నా పుట్టగొడుగే ఉంది. ఏదో విదేశీ సరుకు, ఒకరు ఇద్దరిని చేర్పించాలి, ఆ ఇద్దరూ నలుగురిని చేర్పించాలి.

"ఇది ఏ రోగానికండీ?" అన్నాను.

"ఏ రోగముంటే ఆ రోగానికండి" అన్నాడు.

నేను నవ్వుతుంటే ఆయన సీరియస్‌గా, "మీలాంటి చదువుకున్నోళ్ళు మీటింగులో నుంచుని ఒక్క ముక్క చెప్తే చాలండి. అబద్ధం చెప్పొద్దు. మీరు కనిపెట్టిందే చెప్పండి. మీ ఫోటో కూడా వేసుకుంటాం" అన్నాడు. అక్కడికక్కడే వద్దని చెప్పాల్సింది. దిండిలో గోదారి గట్టున కూర్చుని, ఆ ఫోటోకు ఏ చీర బాగుంటుందా అని కాసేపు ఆలోచించాను. ఎదురుగా టూరిస్టుల ఇంటిపడవ ఒకటి నెమ్మదిగా వెళ్తోంది, దాని మీది వాళ్ళు నాకు చెయ్యి ఊపారు. అప్పటికే పేరున్నదాన్నైనట్టు నేనూ ఊపాను.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. కరుణమ్మ గారు హుషారుగా ఉన్నారు. కూర్చున్న చోటే రెండు చెంబుల నీళ్ళు తాగారు. వంటింట్లోంచి చేదు వాసన వస్తోంది.

"కాకరకాయాండీ?" అన్నాను.

"ఆయ్" అన్నారు.

భోజనంలో కాకరకాయ రాలేదు. అలసిపోయి ఉన్నాను, పట్టించుకోలేదు.

అమలాపురం

మూడో రోజు అమలాపురంలో, ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్లో నా కష్టం చెప్పుకున్నాను. కొట్టాయన ఒక ఎరువు బస్తా మీద నన్ను కూర్చోబెట్టి, తోటలు తిరిగిన వైనమంతా విని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"మేడంగారూ, మీరు ఇంటింటికీ వెళ్ళి, మీ ఇంట్లో చావు దగ్గరపడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ అని అడిగి వచ్చేరండి. ఎవరు చెప్తారు? ఒక్క చెట్టుకి ఉందని తెలిసిందంటే తోటను వేలంలో పాడుకునేవాడు మొత్తం తోటకే ధర కోసేత్తాడు. పక్క తోటవాళ్ళు చెట్టు నరికి తగలబెట్టమని గోల పెడతారు. మా అబ్బాయి టెన్త్ తప్పేడని మీకు చెప్తానా నేను?" అని, ఒక్క క్షణం ఆగి, "చెప్పేసేననుకోండి" అన్నాడు.

"మరి ఉన్నవాళ్ళు ఏం చేస్తారండీ?"

"ఏవుందండీ, కనపడకుండా గోనె చుట్టి, నాలుగు డొక్కలు పోసేత్తారు."

నా సబ్బు పెట్టె కళ్ళ ముందు మెదిలింది. కొట్టాయన తెప్పించిన టీ తాగకుండానే బస్సుకు పరిగెత్తాను. దారి పొడవునా ఒకటే సంబరం. కోనసీమంతా గాలించిన వస్తువు నా స్నానాల గది దారిలో ఉంది. దాన్ని ఎలా కొయ్యాలి, ఏ సంచీలో వెయ్యాలి, గైడు గారి బల్ల మీద ఎలా పెట్టాలి అని ఊహించుకుంటూ కూర్చున్నాను. ఆ బస్సులో కరుణమ్మ గారి వేలు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మళ్ళీ కాలవ గట్టు ఊరు

గేటు దగ్గర సత్తిబాబు సైకిలు పట్టుకుని దిగాలుగా నిలబడి ఉన్నాడు.

"మీరైనా చెప్పండి మేడంగారూ. నిన్న పొద్దుట్నించీ సూది వొద్దంటన్నారండి. ఆ వేలు చూత్తే నాకు భయంగా ఉందండి. అయ్యగారికి చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

విన్నాను. విని కూడా ముందు పెరట్లోకే వెళ్ళాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా జరిగింది అదే. డొక్కలు పక్కకు నెట్టి గోనె ఎత్తితే, చెట్టు మొదట్లో అరచేయంత మేర తాజాగా కోసిన గాటు ఉంది. పుట్టగొడుగు లేదు. అంచున చిన్న ముక్క మాత్రం మిగిలి, ఎర్రగా మెరుస్తోంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో. చేదు వాసన, చెంబుల నీళ్ళు, మూడు వారాలు, కషాయం.

వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి మీద స్టీలు గిన్నెలో కాఫీ రంగు కషాయం మరుగుతోంది. అందులో నా చివరి అధ్యాయం ముక్కలు ముక్కలుగా తేలుతోంది. పక్కన పీట మీద కరుణమ్మ గారు కాలు చాపుకుని కూర్చుని ఉన్నారు. కట్టు చుట్టూ వేలు వాచి, రంగు మారింది.

"మీరు వచ్చిన రాత్రే అనుకున్నానండి, ప్రభువు మిమ్మల్ని ఇందుకే పంపేడని" అన్నారు. "ఆయన దాచేరు గానీ, ఆ చెట్టు సంగతి నాకు తెలుసండి. తెల్లారగట్ల కత్తిపీటతో కోసుకొచ్చేను."

"సూది వేయించుకోండీ, దండం పెడతాను" అన్నాను.

"ఎందుకండీ? దీంతో దిగుద్ది కదా. సత్తిబాబూ, పరీక్ష చేసి చూపించవయ్యా మేడంగారికి."

సత్తిబాబు సంచీలోంచి గాజు గొట్టం, నీలం మందు, స్పిరిటు దీపం తీశాడు. ఆవిడ దొడ్లోకి వెళ్ళి తెచ్చిన నమూనా నాలుగు చుక్కలు వేసి వేడి చేశాడు. నీలం పచ్చబడింది, పచ్చ పసుపైంది, చూస్తుండగానే ఇటికరాయి రంగుకు దిగింది. చక్కెర ఎక్కువుంటే వచ్చే రంగు అదే, అంతకంటే కిందికి రంగులు లేవు.

"చూశారా!" అన్నాను.

"రెండ్రోజులే కదండీ అయ్యింది. మూడు వారాలని మీరే చెప్పేరు కదా" అన్నారు కరుణమ్మ గారు, పాఠం అప్పజెప్పే పిల్లను మెచ్చుకున్నట్టు. నా మాటలతో నా నోరే మూయించారు.

అంతలో ప్రకాశరావు గారు కాలవ దగ్గర్నుంచి వచ్చారు. పెరటి గుమ్మంలోంచి ఊడిన గోనె, వంటింట్లో నీలం సీసా, ఏడవబోతున్న నేను, అన్నీ ఒకేసారి కనిపించాయి ఆయనకు. ముందు సత్తిబాబు వైపు చూశారు. సత్తిబాబు రోజూ ఊళ్ళో ప్రతి ఇంటి గడపా తొక్కే మనిషి.

"నేనేం చూళ్ళేదండి" అన్నాడు సత్తిబాబు.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. నేను నేల మీద ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "కరుణమ్మ గారూ, మొన్న నేను ఒక మాట మింగేశాను. మేం ఇచ్చింది మనుషులకు కాదండీ. ఎలుకలకు."

"ఎలకలకాండీ?"

"అవునండీ. తెల్ల ఎలుకలకు. సూదితో మందు వేసి వాటికి చక్కెర రోగం మేమే తెప్పించి, తర్వాత ఈ కషాయం తూచి పట్టించాం. వాటికి దిగింది. అది నిజం. మనిషికి దిగుతుందా, ఎంత ఇవ్వాలి, ఇస్తే కాలేయానికి ఏమవుతుంది, నాకు తెలీదు. తెలుసుకుందామని చాలామంది చూస్తున్నారు గానీ, సూది మానేసి తాగమని చెప్పేంత ఇంకా ఎవరూ తేల్చలేదు."

ఏడేళ్ళలో నా పరిశోధన గురించి ఇంత సూటిగా నేను ఎప్పుడూ చెప్పలేదు. గైడు గారు ఉంటే మూర్ఛపోయేవారు.

ఆవిడ ఆలోచించారు. "ఎలకలకి మంచిదైంది మనకి చెడ్డెందుకవుద్దండీ?" అన్నారు. మళ్ళీ తనే, "మూడు వారాలయ్యేక బాగానే ఉన్నాయా పాపం, ఆ ఎలకలు? ఎన్నాళ్ళు బతికేయండి?" అని అడిగారు.

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఏ సెమినార్లోనూ ఎవరూ అడగలేదు.

"బతకలేదండీ" అన్నాను.

"షుగరు ఎక్కువై పోయేయా?"

"కాదండీ. మూడు వారాలయ్యాక లోపల ఎలా ఉందో చూడాలి కదా. చంపి, కోసి చూశాం."

"షుగరు దిగినవాటిని కూడానా?"

"ఆయ్" అన్నాను. ఆ మాట నా నోట సరిగ్గా పలికింది అప్పుడే.

కరుణమ్మ గారు పొయ్యి వైపు చూశారు, తన వేలి వైపు చూసుకున్నారు. ప్రకాశరావు గారు వెళ్ళి పొయ్యి ఆర్పి, ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నారు. ఆ ఇంట్లో ఆయన నేల మీద కూర్చోవడం నేను చూసింది అదే మొదలు.

"చెట్టు పోతే పోయింది. రేపు నేనే అందరికీ చెప్పి నరికించేత్తాను. నువ్వు మట్టుకు నా మాట విను కరుణా" అన్నారు.

"సత్తిబాబూ, సూది తియ్యి" అన్నారావిడ.

సత్తిబాబు పరుగున కుండ దగ్గరకు వెళ్ళాడు. ఈసారి ఆవిడ మొహం తిప్పుకోలేదు, నా వైపే చూస్తూ వేయించుకున్నారు. అయ్యాక జాకెట్టు చెయ్యి సర్దుకుని, "అవునుగానీ అమ్మాయ్, దీన్ని నువ్వెప్పుడైనా తాగి చూసేవా?" అని అడిగారు. మీరు పోయి నువ్వు వచ్చింది.

"లేదండీ."

"ఏడేళ్ళా?"

"ఏడేళ్ళండీ."

ఆవిడ గ్లాసు తీసుకుని, గిన్నెలోంచి నిండా వంపి నా చేతిలో పెట్టారు. "ఎలకలకి పట్టేవు, నాకు పట్టించేవు. నువ్వూ పుచ్చుకో."

తాగాను. ఆ చేదు ఎలాంటిదో చెప్పడానికి నాకు చేతకాదు. నాలుక, గొంతు, చెవుల వెనక దాకా పాకింది. నేను ఎన్ని వందలసార్లు ఆ సారాన్ని ఎలుకల నోళ్ళలో పోశానో గుర్తొచ్చింది, అవి ఎందుకు అంత గింజుకునేవో కూడా అర్థమైంది. సత్తిబాబు జాలిపడి, నేను తెచ్చిన పూతరేకుల్లో ఒకటి నా చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణం

మర్నాడు పొద్దున్నే ప్రకాశరావు గారు గోనె పూర్తిగా తీసేసి, ఇరుగుపొరుగును తనే పిలిచారు. చెట్టు చూసి ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. కాసేపటికి పక్కింటాయన మెల్లగా, "మా దాంట్లో కూడా రెండున్నాయండి" అన్నాడు. ఇంకొకాయన దగ్గి, తన చెట్ల సంగతి చెప్పాడు. కోనసీమంతా గాలించినా ఒక్కటీ దొరకని నాకు, ఆ పూట సంచి నిండా దొరికాయి. చెట్టు పడేటప్పుడు ప్రకాశరావు గారు లోపలికి వెళ్ళిపోయారు.

బయలుదేరేముందు కరుణమ్మ గారు సత్తిబాబు వచ్చేదాకా నన్ను ఆపి, నా ఎదురుగానే సూది వేయించుకున్నారు. "నీ పుస్తకంలో ఎలకలు అని పెద్దక్షరాలతో రాయి" అన్నారు. రాజోలు శ్రీను గారికి రావులపాలెం నుంచి ఫోను చేసి, మీటింగుకు రానని చెప్పాను. "పోన్లెండి, ఫోటో అయినా పంపండి" అన్నాడు.

నా గ్రంథం ఆ ఏడాదే పూర్తయింది. అట్ట మీద 'ఎలుకలలో' ఉంది. గైడు గారు మళ్ళీ ఎర్ర పెన్ను తీశారు. కొడితే నేను సమర్పించనన్నాను. ఏడేళ్ళలో ఆయనకు నేను ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. ఆయన పెన్నుకు మూత పెట్టి, జేబులో పెట్టుకున్నారు.

అదంతా తర్వాతి సంగతి. అంతకుముందే, ఆ నెలాఖరున, అనంతపురం గడియార స్తంభం దగ్గరి ఎస్టీడీ బూతులోంచి ఫోను చేశాను. అవతల కరుణమ్మ గారు ఎత్తారు. అమలాపురం వెళ్ళొచ్చారా అంటే ఆయ్ అన్నారు. ఆ ఆయ్‌ను ఇంక ఊరికే నమ్మే స్థితిలో లేను. "ఆయ్ కాదండీ, సరిగ్గా చెప్పండి" అని అరిచాను.

"వేలు ఉంచేరమ్మాయ్" అన్నారు.

ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ అద్దాల తలుపు తోసుకుని బయటికొచ్చాను. బిల్లు చించుతున్న బూతాయన కంగారుపడి లేచి నిలబడ్డాడు.

"ఏమైందక్కా? ఎవరికి?"

"ఏమీ కాలేదన్నా" అన్నాను. "వేలు ఉందంట."